వదిన బేస్‌కి రెండో పెట్టె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. ఉంటే ఉండనీ. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం అది ముక్కు మీద ఆగదు, అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మధ్యలో ఎవరినైనా నాలుగు మాటలంటే ఏమీ అనుకోకండి. అనుకున్నా నాకు పోయేదేం లేదు.

మా వదిన బేస్ గిటార్ వాయిస్తుంది. అందరికీ తెలిసిన గిటార్ కాదు. దీనికి నాలుగే తీగలు, లావుపాటివి, మెడ బారెడు పొడుగు. పాటలో జనానికి వినిపించేది గొంతు, ఆ తర్వాత కీబోర్డు, డ్రమ్ములు. బేస్ ఉందని ఎవరూ గమనించరు. అది ఆగిపోయిందా, ఏదో పోయిందని అందరికీ తెలుస్తుంది, ఏది పోయిందో ఎవడూ చెప్పలేడు. పాతికేళ్ళుగా ఆవిడ ఒకే బ్యాండులో ఆ పని చేస్తోంది.

పొద్దున నాలుగింటికి రొట్టెల ఫ్యాక్టరీకి వెళ్తుంది. కాలే ట్రేలను గుడ్డతో పట్టుకుని ర్యాకుల్లో పేర్చడం అక్కడ ఆవిడ పని. పన్నెండింటికి ఇల్లు చేరి, ఇంత తిని, ఓ గంట నడుం వాల్చి, లేచి వంటింట్లో స్టూలు మీద గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. కింది వాటా ముసలాయనకు చప్పుడు పడదు, అందుకని శబ్దం పెంచే యాంప్ పెట్టదు. గిటార్ కొమ్ముకు దవడ ఆనించి వాయిస్తుంది. అలా ఆనిస్తే ఎముకలోంచి వినిపిస్తుందట. నేనూ ఓసారి ఆనించి చూశాను, నిజమే. ట్రేల వేడికి, తీగల ఒరిపిడికి ఆవిడ వేళ్ళ కొసలు కాయలు కాసిపోయాయి. ఉప్పు డబ్బా మూత బిగుసుకుంటే మా ఇంట్లో అందరం ఆవిడకే ఇస్తాం.

గిటార్ ఆవిడ మేనమామది. యాంప్ కూడా ఆయనదే. దాన్ని కాంబో అంటారు, అంటే యాంప్లిఫయరూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఇరవై రెండేళ్ళ క్రితం అందులో స్పీకరు కాలిపోతే, దాన్ని తోపుడు బండి మీద పెట్టుకుని మా నాన్న రిపేరు షాపుకు తెచ్చింది. అప్పటికి ఆవిడ మా వదిన కాదు. కౌంటరు దగ్గర మా అన్నయ్య ఉన్నాడు. మిగతా కథ మీరు వినక్కర్లేదు, మేం వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. పది మంది చేరితే చాలు, మా అన్నయ్య కాళ్ళు బారచాపి మొదలుపెడతాడు.

"చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉందన్నమాటే గానీ, కళ్ళు పని మీద ఉంటేగా! మొత్తం మీ వదిన మీదే. స్పీకరు వంక ఒక్క చూపు చూడలేదురా. అయినా ఏం? ఇరవై రెండేళ్ళయింది, ఆ అతుకు ఇవాళ్టికీ కదల్లేదు. అదీ చెయ్యంటే!"

జనం నవ్వుతారు. వదిన కూడా సిగ్గుపడుతున్నట్టు తల దించుకుంటుంది. ఆ కాంబోను ఆ తర్వాత ఎవర్నీ విప్పనివ్వలేదు మా అన్నయ్య. అది తన ప్రేమకు గుర్తట. అన్నయ్య ఇప్పుడు షాపుకు రావడం మానేశాడు, నడుం నొప్పి. షాపు నాది. సలహాలు మాత్రం ఇప్పటికీ ఆయనవే.

ఇక బ్యాండు మాస్టరు సంగతి. ఆయన గొంతు బాగుంటుంది, అబద్ధం చెప్పను. కానీ మైకు చేతికొస్తే వదలడు. పాట అయ్యాక జోకులు, జోకయ్యాక ఇంకో జోకు. ఆ జోకులన్నీ వెనక వాయించేవాళ్ళ మీదే. మా వదినకు 'బేసమ్మ' అని పేరు పెట్టింది ఆయనే. నిరుడు కూతురి పెళ్ళి చేశాడు, అల్లుడు కీబోర్డు వాయిస్తాడు. బ్యాండులో మెల్లగా చోట్లు ఖాళీ అవడం మొదలైంది. ముందు పాత కీబోర్డాయన్ను పంపించేశాడు. తర్వాత ట్రంపెట్ ఆయన్ను పంపించేశాడు, ఆ ట్రంపెట్ కూడా అల్లుడి కీబోర్డులోనే ఉందట.

ఓ సోమవారం మధ్యాహ్నం వదిన ఫ్యాక్టరీ బట్టల్తోనే షాపుకు వచ్చింది. చేతుల మీద పిండి ఇంకా అలాగే ఉంది.

"మాస్టరుగారు నన్ను తీసేస్తారంట," అంది.

"ఎందుకూ?"

"నేను వినిపించట్లేదంట. అల్లుడి కీబోర్డులో ఎడమ చేతి వైపు బేస్ ఉందంట. వచ్చే శనివారం పెద్ద హాలు, ఓ కంపెనీ వార్షికోత్సవం. మూడొందల మంది వస్తారు. అక్కడ కూడా వినిపించకపోతే ఇంక ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నారు."

విశ్రాంతి! నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి నాలుగు దులిపేద్దామని చెప్పులేసుకున్నాను కూడా. వదిన గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నువ్వెళ్ళి అరిస్తే నేను వినిపిస్తానా? కూర్చో. ఆ యాంప్ వెనక ఒక జాక్ ఉంది చూడు, ఇంకో స్పీకరు పెట్టె తగిలించుకోడానికి. ఇరవై రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. దానికో పెట్టె చేసి పెట్టు."

కూర్చున్నాను. ఆవిడ చెప్పింది సబబే. ఆ కాంబో సంగతి నాకు తెలుసు. లోపలున్న స్పీకరు ఎనిమిది ఓమ్‌లది. ఓమ్‌లంటే కరెంటుకు అడ్డు, అది తగ్గేకొద్దీ యాంప్ మీద బరువు పెరుగుతుంది. పక్కన అలాంటిదే ఇంకో ఎనిమిదిది తగిలిస్తే, యాంప్ మీద పడే బరువు సరిగ్గా అది మొయ్యగలిగినంత అవుతుంది, దాచుకున్న సత్తువంతా బయటికొస్తుంది. ఆశకు పోయి నాలుగు ఓమ్‌లది తగిలిస్తే మాత్రం పొగలు కక్కుతుంది. పెట్టెకు వేసే తీగ కూడా గిటార్‌ను యాంప్‌కు కలిపే సన్నది కాదు, స్పీకర్లకు వాడే లావుది వెయ్యాలి. ఇవన్నీ చూసుకోవాలి. చూసుకున్నాను.

వారమంతా అదే పని. ముప్పావు అంగుళం ప్లైవుడ్ కోయించి, మూలల్లో చెక్కముక్కలు వేసి, జిగురు పెట్టి, బెత్తెడుకో స్క్రూ బిగించాను. గాలి ఎక్కడా ఈల వెయ్యకుండా అతుకులన్నీ పూడ్చి, లోపల దూది పరుపు అంటించాను. వదిన రోజూ మధ్యాహ్నం వచ్చి గరుకు కాగితంతో అంచులు రుద్దింది. రుద్దుతూ శనివారం పాటలు వరసగా సణుక్కునేది, గొంతుతో కాదు, బేస్ వరసలే, డుం డుం అని. షాపు ముందు నుంచి పోయేవాళ్ళు వింతగా చూసేవాళ్ళు.

"ఎందుకొచ్చిన బాధ వదినా? పాతికేళ్ళు వాయించావు. చాలదూ?" అన్నానొకసారి, ఊరికే.

చెయ్యి ఆపింది. "నాలుగింటికి లేచి ఆ ట్రేలు మోసేది శనివారం ఉందనే. అది పోతే నాకు మిగిలేవి ట్రేలే," అంది. మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. నేనిక ఆ మాట ఎత్తలేదు.

మా షాపులో ఒక పద్ధతుంది, మా నాన్న పెట్టింది. నాన్న ఎప్పుడూ నల్ల తీగ చుట్టలే కొనేవాడు, రెండు రంగులవి కొనేవాడు కాదు. రెండు తీగలూ నల్లగా ఉంటే ఏది ప్లస్సో ఏది మైనస్సో తెలియదు గనక, ప్లస్ తీగకు ఒక ముడి వేసేవాడు. ముడి ఉన్నది స్పీకరు మీద ఎర్ర చుక్క దగ్గరికి, లేనిది రెండో దానికి. అన్నయ్యకూ నాకూ పలకా బలపం కన్నా ముందు నేర్పింది ఇదే. కొత్త పెట్టెలో కూడా ముడి వేసే పెట్టాను. శుక్రవారం షాపులో ఉన్న నా యాంప్‌కు తగిలించి చూస్తే, బల్ల మీద మేకులు గెంతాయి. వదిన చప్పట్లు కొట్టింది.

కాంబోతో కలిపి చూడలేదు. ఇక్కడే నన్ను చెప్పుతో కొట్టాలి. కాంబో అప్పటికే మాస్టరు వ్యాన్‌లో ఉంది. హాల్లో ఎలాగూ ముందుగా సౌండ్ చూసుకుంటారు కదా అనుకున్నాను. ఆ గంటసేపూ మాస్టరు తన మైకే చూసుకుంటాడని నాకు తట్టలేదు. పోనీ నేను వెళ్ళానా అంటే, బస్టాండులో మైకు మూగబోయిందని అక్కడికి పోయాను.

హాల్లో జరిగింది మర్నాడు పొద్దున వదిన ఫోన్‌లో చెప్పింది.

మొదటి పాటకే బేస్ లేదట. కాంబో పక్కన కొత్త పెట్టె, రెండూ తగిలించి ఉన్నాయి, దీపం వెలుగుతోంది. మీటుతుంటే వేళ్ళ టకటక వినిపిస్తోంది, కింద ఉండాల్సిన దమ్ము లేదు. మునుపటికన్నా అన్యాయం. వాల్యూమ్ పెంచింది. టకటక పెరిగింది, అంతే. డ్రమ్ముల ఆయన వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. రెండో పాట కాగానే ఆవిడ మాస్టరు దగ్గరికెళ్ళి "యాంప్‌లో ఏదో తేడా ఉంది, రెండు నిమిషాలు ఆగండి" అని అడిగింది.

మాస్టరు ఆ మాటకు జవాబు ఆవిడకు చెప్పలేదు. మైకులో చెప్పాడు. "మా బేసమ్మ ఇవాళ మౌనవ్రతం పట్టింది. అడిగితే యాంప్‌లో తేడా ఉందట. ఆడలేక మద్దెల ఓడు అంటారు చూడండీ!"

మూడొందల మంది నవ్వారు. అల్లుడు ఎడమ చేత్తో బేస్ అందుకున్నాడు. వదిన ఇంకా ఆరు పాటలు అక్కడే నిలబడి, ఎవరికీ వినిపించని తీగలు మీటి, కాంబోనూ కొత్త పెట్టెనూ వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది.

ఇదంతా విని నేనేమన్నానో తెలుసా? చెప్తాను, దాచుకుని ఏం లాభం.

"కొంచెం గట్టిగా మీటాల్సింది వదినా. వేళ్ళేమైనా..."

వదిన ఫోన్ పెట్టేసింది.

మంగళవారం అన్నయ్య రిక్షాలో కొత్త పెట్టె వేయించుకుని షాపుకొచ్చాడు. నడుం నొప్పి ఏమైందో మరి. పెట్టె గుమ్మంలో దించి, "తీసుకో నీ దరిద్రం. ఇది తగిలించాకే అది మూగబోయింది. నేను పెట్టిన చెయ్యి ఇరవై రెండేళ్ళు పాడింది, నువ్వు చెయ్యి పెట్టిన పూటే పీక నొక్కావు," అన్నాడు.

"మరి శనివారం నువ్వూ హాల్లోనే ఉన్నావుగా, ఆ పెట్టె పీకి చూడకపోయావా?"

"నాకేం తెలుసు? నేనూ మీ వదిన వేళ్ళలో పస తగ్గిందనే అనుకున్నాను. మాస్టరడిగితే అదే చెప్పాను. ట్రేలు మోసీ మోసీ చేతులు పోయాయయ్యా అన్నాను."

"నువ్వే చెప్పావా? మాస్టరుతో?"

"నిజం చెప్తే తప్పేంటి? పోన్లే, ఇంట్లో ఉంటుంది, వేళకింత తింటుంది."

కట్టుకున్నవాడు ఆ మాట, నేను ఈ మాట, మాస్టరు మైకులో మూడో మాట. తిలాపాపం తలా పిడికెడు. అన్నయ్య వెళ్ళాక పెట్టెను బల్ల మీదికెక్కించి, పళ్ళు కొరుకుతూ వెనక పలక విప్పాను. తప్పు నాదే అయితే ఆ స్క్రూడ్రైవరుతోనే నా చెయ్యి పొడుచుకుందామన్నంత కోపం.

అంతా సవ్యంగా ఉంది. ముడి ఉన్న తీగ ఎర్ర చుక్క దగ్గరే ఉంది. టార్చిలైట్ బ్యాటరీ ఒకటి తీసి రెండు కొసలకూ ఆనించాను. స్పీకరు సరిగ్గా ఉంటే దాని అట్ట ముందుకు ఉబకాలి. ఉబికింది. షాపు యాంప్‌కు తగిలిస్తే మేకులు మళ్ళీ గెంతాయి. పెట్టె బంగారంలా ఉంది.

అప్పుడు కూలబడ్డాను. ఫోన్‌లో వదిన ఏం చెప్పింది? టకటక ఉంది, కింద దమ్ము లేదు అంది. ఒరే మొద్దూ! ముప్పై ఏళ్ళుగా ఎన్ని ఇళ్ళలో చూశానీ రోగం! రెండు స్పీకర్లలో ఒకదానికి తీగలు తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి పీలుస్తుంది. పై స్వరాలు ఎలాగోలా బతికిపోతాయి, బేస్ మాత్రం అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఏ ముక్కూ మొహం తెలియనివాడో ఫోన్ చేసి ఇదే చెప్పుంటే, తీగలు తిప్పి పెట్టండి బాబూ అని అర నిమిషంలో చెప్పేవాణ్ణి. వదిన చెప్తే నాకు తీగలు గుర్తు రాలేదు. ఆవిడ వేళ్ళు గుర్తొచ్చాయి.

నా పెట్టె సరిగ్గానే ఉంది గనక, తారుమారైంది కాంబోలో. ఒంటరిగా ఉన్నంతకాలం దాని తప్పు బయటపడదు, ఒక్క స్పీకరే అయితే ముందు తోసినా వెనక పీల్చినా చెవికి ఒకటే. పక్కన సరైనది ఇంకొకటి వచ్చాకే గుట్టు రట్టయింది. ఆ కాంబో లోపల చివరగా చెయ్యి పెట్టిన మహానుభావుడెవరో చెప్పక్కర్లేదు.

పెట్టెనూ బ్యాటరీనీ పనిముట్ల సంచినీ రిక్షాలో వేసుకుని అన్నయ్య వాటాకు పోయాను. వదిన వంటింట్లో స్టూలు మీద ఉంది. గిటార్ గోడకు ఆనించి ఉంది. ఆవిడ ఉత్త చేతులతో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కాంబో మూలన, దాని మీద ఉతికిన బట్టల మడతలు.

"దీన్ని విప్పాలి," అన్నాను బట్టలు పక్కన పెడుతూ.

అన్నయ్య పడక కుర్చీలోంచి లేచాడు. "ముట్టుకున్నావంటే చేతులు విరుగుతాయి! అది నా చేతి పని. నీ పెట్టెలో తప్పు పెట్టుకుని నా దాని మీద పడతావేంరా?"

"తప్పు నీదే."

"ఇరవై రెండేళ్ళు పాడింది!"

"పాడితే? ఒంటరిగా పాడింది! తీగలు తిప్పి పెట్టావు. ఒక్క నిమిషం చాలు, చూపిస్తాను."

"నాన్న దగ్గర నీకన్నా ఏడేళ్ళు ముందు నేర్చుకున్నాను. నేను తిప్పి పెడతానా? ఇంకోసారి ఆ మాటన్నావంటే..."

నేనూ గొంతు పెంచాను. ఎంతగా అంటే కింది ముసలాయన కర్రతో పైకప్పు పొడిచాడు. ఇద్దరం మెడలు రిక్కించి అరుచుకుంటూ ఉండగా కిర్రు కిర్రుమని చప్పుడు వినిపించింది. చూస్తే వదిన నేల మీద కూర్చుని ఉంది. నా సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని కాంబో వెనక పలక విప్పుతోంది. ఎనిమిది స్క్రూలు. ఒక్కొక్కటీ తీసి పక్కనున్న గిన్నెలో వేస్తోంది.

అన్నయ్య "ఏయ్" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు.

పలక ఊడింది. లోపల దుమ్ము, దుమ్ములో రెండు నల్ల తీగలు. ముడి ఉంది, ముద్దుగా, మా నాన్న వేసినట్టే. ఆ ముడి తీగ పోయి అతుక్కున్నది ఎర్ర చుక్క దగ్గర కాదు, రెండో వైపు. అతుకు మాత్రం నిజంగానే గట్టిది, మెరుస్తోంది. బ్యాటరీ వదిన చేతికిచ్చి ఎక్కడ ఆనించాలో చూపించాను. ఆనించింది. అట్ట ముందుకు రాలేదు, లోపలికి పీల్చుకుంది. తీసి మళ్ళీ ఆనించింది. మళ్ళీ లోపలికే. నా పెట్టె విప్పి దానికీ ఆనించింది. బయటికి ఉబికింది.

"స్పీకరు వంక ఒక్క చూపు చూడలేదు అని పది మందిలో చెప్తారుగా," అంది వదిన. "నిజమే చెప్పారు."

అన్నయ్య దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. "నిన్ను చూస్తూనే కదే..." అని ఏదో నవ్వబోయాడు.

"నవ్వకండి. మీరా రోజు నన్ను చూస్తూ తీగలు తిప్పి పెట్టారు. పోనీ, పిల్లతనం, క్షమిస్తాను. మొన్న హాల్లో ముందు వరసలో కూర్చుని నన్నే చూశారుగా? అప్పుడేం చూశారు? చేతులు పోయాయయ్యా అని ఆయనతో చెప్పారంట, డ్రమ్ముల ఆయన చెప్పాడు. ఈ చేతులు పోయాయా?" రెండు చేతులూ ఆయన మొహం ముందు చాపింది. "ఇరవై రెండేళ్ళలో ఆ తీగ మీద ఒక్కరికీ అనుమానం రాలేదు. నా మీద మాత్రం రెండు పాటలు అయ్యేసరికి అందరికీ వచ్చేసింది."

అందరికీ అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు నా వైపు కూడా తిరిగాయి. నేను గిన్నెలో స్క్రూలు లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదే.

"మీరే మార్చండి," అంది అన్నయ్యతో. "ఈసారి దాన్ని చూస్తూ మార్చండి."

నా సంచిలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి వేడికి పెట్టాను. అన్నయ్య నేల మీద కూర్చోవడానికి నడుం పట్టుకుని రెండుసార్లు ఆగాడు. నేను సాయం పట్టలేదు, నా కోపం తగ్గలేదు మరి. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, పాత అతుకులు కరిగించి, ముడి తీగను ఎర్ర చుక్క దగ్గరికి మార్చి, చల్లారేదాకా పట్టుకున్నాడు. అతుకు బాగానే పడింది.

రెండు పెట్టెలూ కలిపి తగిలించాం. వదిన గిటార్ అందుకుని అన్నిటికన్నా లావు తీగను ఒక్కసారి మీటింది. గట్టిగా కూడా కాదు. పొయ్యి మీది గిన్నెలు గొణిగాయి, కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. కిందనుంచి ముసలాయన కర్ర పోటు వినిపించాలి నిజానికి. వినిపించలేదు. పొడిచే ఉంటాడు, బేస్‌లో కలిసిపోయి ఉంటుంది.

గురువారం బ్యాండు సాధన గదికి రెండు పెట్టెలూ మోసుకుని వెళ్ళాం. మాస్టరు "ఏంటమ్మా మళ్ళీ" అనేలోపే వదిన తగిలించేసింది. అల్లుడు వాయిస్తున్న పాటలోకే ఆవిడ దిగింది. నాలుగు వరసలు కాకముందే అల్లుడు ఎడమ చెయ్యి తీసేశాడు, తీయక చస్తాడా! డ్రమ్ముల ఆయన వాయించడం ఆపి, "ఇదీ! నేనా రోజంతా దీనికోసమే వెతుక్కున్నా," అన్నాడు.

తీగలు తారుమారైన సంగతి నేను చెప్పాను. మాస్టరు తెలివైనవాడు. వెంటనే ప్లేటు ఫిరాయించాడు. "ఇంకేం, శనివారం వచ్చెయ్యి బేసమ్మా. తీగల తప్పని తేలిపోయిందిగా. జరిగింది మర్చిపో."

"మర్చిపోను," అంది వదిన. "మైకులో అన్నారు, మైకులోనే వెనక్కి తీసుకోండి. ఇక్కడ నలుగురి ముందు కాదు, శనివారం, జనం ముందు. నా పేరు పెట్టి. బేసమ్మ అని కాదు."

"ఏదో సరదాకి అన్నానమ్మా..."

"నవ్వింది మీరూ వాళ్ళూ. నాకేం సరదా లేదు. చెప్తేనే వాయిస్తాను. లేదంటే మీ అల్లుడి ఎడమ చెయ్యి ఉందిగా."

మాస్టరు అల్లుడి వంక చూశాడు. అల్లుడు కీబోర్డు వంక చూశాడు. డ్రమ్ముల ఆయన రెండు కర్రలూ డ్రమ్ము మీద పెట్టేసి చేతులు కట్టుకున్నాడు. మింగలేక కక్కలేక మాస్టరు తలూపాడు.

శనివారం నేను వెళ్ళాను. ఊళ్ళో అన్ని మైకులూ ఒకేసారి మూగబోయినా సరే వెళ్ళేవాణ్ణి. మొదటి పాటకు ముందు మాస్టరు గొంతు సవరించుకుని, వదిన పేరు చెప్పి, "పోయిన వారం ఈవిడ గురించి ఒక మాటన్నాను. యాంప్‌లో తేడా ఉందని ఆవిడ చెప్పింది నిజం. నాదే తప్పు," అన్నాడు. పోయిన వారం మాటేంటో ఈ జనానికి తెలియదు, అయినా చప్పట్లు కొట్టారు. వదిన చప్పట్లు అయ్యేదాకా ఆగలేదు, మొదలుపెట్టేసింది. నా పక్క కుర్చీలో అన్నయ్య పాట మొత్తం తల దించుకుని, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆనించి విన్నాడు. తర్వాత పక్కనున్నాయన ఏదో పలకరిస్తే, కాంబో కథ మొదలెట్టబోయి ఆగిపోయాడు.

అంతా అయ్యాక జనం వెళ్ళిపోయారు. పనివాళ్ళు కుర్చీలు మడుస్తున్నారు. నేను స్టేజీ ఎక్కి తీగ చుట్టి, నా పెట్టెను ఎత్తబోయాను. వదిన దాని మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆయన మైకులో చెప్పారు. మీ అన్నయ్య ఐరన్ పట్టుకుని చెప్పారు. నువ్వు?"

"నేనా?"

"ఆ రోజు ఫోన్‌లో ఏమన్నావు?"

ఊరంతటి మీదా ఎగిరాను, మాస్టరును తిట్టాను, అన్నయ్యతో గొంతు చించుకున్నాను. ఈ ఒక్క మాట మాత్రం వారం రోజులుగా నోట్లోనే పెట్టుకు తిరుగుతున్నాను.

"తప్పయింది వదినా," అన్నాను, పెట్టె వంక చూస్తూ.

"వినపడలేదు," అంది. "కొంచెం గట్టిగా."

గట్టిగానే చెప్పాను. కుర్చీలు మడిచేవాళ్ళు తిరిగి చూశారు.